పసికందు కంట్లో అయోడిన్ చుక్క వేయవచ్చా?

ప్రశ్న: రెండేళ్ల క్రితం నాకు బాబు పుట్టాడు. నాలుగో రోజు తెల్లవారేసరికి వాడి రెండు కళ్లూ వాచిపోయి, రెప్పల సందు నుంచి పచ్చటి చీము కారడం మొదలైంది. తుడిచిన కొద్దిసేపటికే మళ్లీ నిండేది. ఆసుపత్రిలో చేర్చుకుని ఇంజెక్షన్ ఇచ్చారు, పదేపదే కళ్లు కడిగారు. చూపుకు ఏమీ కాలేదు. అప్పుడు నాకూ మా వారికీ కూడా మందులు ఇచ్చారు. ఎందుకో వివరంగా చెప్పలేదు. అడగడానికి నాకూ సిగ్గేసింది. ఇప్పుడు మా చెల్లెలికి ఎనిమిదో నెల. బిడ్డ పుట్టగానే కళ్లలో అయోడిన్ చుక్క వేస్తే ఇలాంటివి రావని ఈమధ్య చదివాను. గాయాలకు రాసే గోధుమరంగు అయోడిన్ సీసా మా ఇంట్లో ఉంది, దాని మీద 10 శాతం అని రాసి ఉంది. నీళ్లు కలిపి పలచన చేసి నేనే వేయవచ్చా? అయోడిన్ వల్ల బిడ్డ థైరాయిడ్ దెబ్బతింటుందని మా అత్తగారు అంటున్నారు, నిజమేనా? నా బాబుకు జరిగినదంతా చెల్లెలికి చెప్పాలా?
– ఒక అక్క

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. ఆ సీసా పసిబిడ్డ కళ్ల దరిదాపులకు రానివ్వకండి. పలచన చేసినా సరే, ఒక్క చుక్కే అయినా సరే. మీరు చదివిన విషయంలో నిజం ఉంది. పుట్టిన బిడ్డ కళ్లలో అయోడిన్ చుక్క వేయడం ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించిన పద్ధతే. కానీ ఆ మందు వేరు, మీ అలమరలో ఉన్న మందు వేరు.

మీరు లెక్క వేసుకునే ఉంటారు. కంటికి వాడేది 2.5 శాతం పొవిడోన్ అయోడిన్, అంటే అయోడిన్‌ను నెమ్మదిగా వదిలే మందు. మీ దగ్గర ఉన్నది 10 శాతం. ఒక వంతు మందుకు మూడు వంతుల నీళ్లు కలిపితే 2.5 శాతం వస్తుంది కదా అని. లెక్క తప్పు కాదు, కానీ అది చెప్పేది అయోడిన్ ఎంత ఉందనే. సీసాలో అయోడిన్‌తో పాటు ఇంకేమున్నాయన్నది అంతకన్నా ముఖ్యం. గాయాలకు, చర్మానికి తయారుచేసిన ద్రావణంలో ఆమ్ల-క్షార గుణం కంటికి తగినట్లు సరిచూసి ఉండదు. శస్త్రచికిత్సకు ముందు చేతులు కడుక్కునే రకంలో నురుగు కోసం సబ్బులాంటి పదార్థం కలుపుతారు, అది కార్నియా పైపొరను, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరను, దెబ్బతీస్తుంది. టింక్చర్ అని పిలిచే పాతకాలపు అయోడిన్‌లో ఆల్కహాలు ఉంటుంది. అది కంట్లో పడితే నిజంగానే కాలుతుంది. ఈ మూడింటికీ రంగు ఒకటే. సీసాలో ఉన్నది ఏ రకమో రంగు చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ కళ్లకు నీటితో చేసిన పొవిడోన్ అయోడిన్ మాత్రమే వాడాలని, ఆల్కహాలు కలిసినది ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదని ప్రత్యేకంగా హెచ్చరించింది.

ఇంకొక సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. క్రిములను చంపే మందులో క్రిములు బతకవని మనం అనుకుంటాం. 1980ల మొదట్లో అమెరికాలో కర్మాగారం నుంచి వచ్చిన పొవిడోన్ అయోడిన్‌లోనే సూడోమోనాస్ జాతి బ్యాక్టీరియా బతికి ఉన్నట్లు బయటపడింది. తయారీలోనే అలా జరిగినప్పుడు, ఎన్నోసార్లు మూత తీసి, దూది ముంచి, మళ్లీ పెట్టేసిన ఇంటి సీసాను, దానిలో కలిపే నీటిని పసికంటికి ఎలా నమ్మగలం? కంటిమందులను క్రిమిరహితంగా తయారుచేసి మూసి ఉంచేది ఇందుకే.

ఇక అసలు చుక్క సంగతికి వస్తాను. అది వచ్చిన దారి తెలిస్తే అది ఏం చేయగలదో, ఏం చేయలేదో మీకు స్పష్టంగా అర్థమవుతుంది.

పంతొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో అంధుల పాఠశాలలకు చేరిన పిల్లల్లో చాలామంది పుట్టుగుడ్డివారు కారు. పుట్టినప్పుడు వాళ్ల కళ్లు బాగానే ఉన్నాయి. తొలి వారంలో చీము పట్టి, కార్నియా కరిగిపోయి చూపు పోయింది. 1879లో జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ నైసర్, ఈ చీముకు ముఖ్య కారణమైన గనోరియా అనే సుఖవ్యాధి క్రిమిని గుర్తించాడు. ఆ మరుసటి ఏడాది జర్మనీలోని లైప్జిగ్‌లో ప్రసూతి వైద్యుడు కార్ల్ క్రెడే, పుట్టిన ప్రతి బిడ్డ కళ్లూ తుడిచి, గాజుపుల్లతో 2 శాతం సిల్వర్ నైట్రేట్ ఒక్కో చుక్క వేయించడం మొదలుపెట్టాడు. అంతకు ముందు అక్కడ పుట్టిన ప్రతి వంద మందిలో సుమారు పదిమందికి వచ్చే ఈ జబ్బు, ఆ తర్వాత వందకు ఒకరి కన్నా తక్కువకు పడిపోయింది. వైద్య చరిత్రలో ఇంత చిన్న పని ఇంతమంది చూపు కాపాడిన సందర్భాలు చాలా అరుదు. ఆ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

సిల్వర్ నైట్రేట్‌తో చిక్కు ఏమిటంటే, అది స్వయంగా కళ్లను మండిస్తుంది. చుక్క వేసిన తొలి రోజునే కళ్లు ఎర్రబడి, రెప్పలు ఉబ్బి, ఒకటి రెండు రోజులకు తగ్గేవి. అలాగే లైంగికంగా సోకే క్లమీడియా అనే మరో క్రిమి మీద అది పెద్దగా పనిచేయదు. ఎరిత్రోమైసిన్, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ లేపనాలు ఆ తర్వాత వచ్చాయి. కానీ యాంటీబయాటిక్‌లకు క్రిములు అలవాటు పడిపోతాయి, గనోరియా క్రిమి అయితే మరీ త్వరగా. అయోడిన్ అలా కాదు. అది క్రిమి ప్రోటీన్లను, పొరలను ఒకేసారి అనేకచోట్ల దెబ్బతీస్తుంది కాబట్టి దాన్ని తట్టుకునే దారి క్రిమికి అంత సులభంగా దొరకదు. బ్యాక్టీరియాతో పాటు వైరస్‌ల మీదా, బూజు జాతుల మీదా పనిచేస్తుంది. ధర కూడా తక్కువే.

దీన్ని సరిగ్గా పోల్చి చూసినవారు అమెరికా నేత్రవైద్యులు షెర్విన్ ఐసెన్‌బర్గ్, లెనార్డ్ ఆప్ట్, వారి సహచరులు. కెన్యాలో 3,117 మంది నవజాత శిశువుల మీద చేసిన ఆ అధ్యయనం 1995లో వెలువడింది. సూక్ష్మక్రిముల వల్ల కళ్లకలక వచ్చినవారు 2.5 శాతం పొవిడోన్ అయోడిన్ వేసిన పిల్లల్లో 13.1 శాతం, ఎరిత్రోమైసిన్ వేసినవారిలో 15.2 శాతం, సిల్వర్ నైట్రేట్ వేసినవారిలో 17.5 శాతం. క్లమీడియా ఒక్కదాన్ని విడిగా చూస్తే అయోడిన్ వర్గంలో 5.5 శాతం, ఎరిత్రోమైసిన్ వర్గంలో 7.4, సిల్వర్ నైట్రేట్ వర్గంలో 10.5. మందు వల్ల కలిగే మంట, ఎరుపు కూడా అయోడిన్‌తోనే తక్కువ. చుక్క పడగానే కన్ను, రెప్పలు కాసేపు గోధుమరంగులోకి మారతాయి. ఇది చూసి తల్లులు కంగారుపడతారు గానీ నాకు ఈ రంగు చాలా ఇష్టం. ఏ కంట్లో మందు పడిందో, ఏ కంట్లో పడలేదో కాన్పు గదిలోని నర్సుకు దూరం నుంచే కనిపిస్తుంది. కొన్ని నిమిషాల్లో ఆ రంగు పోతుంది.

అదే అంకెలను మరోసారి చూడండి. చుక్క వేసినా 13 శాతం మందికి కళ్లకలక వచ్చింది. గనోరియా మూడు వర్గాల్లోనూ దాదాపు ఒకే స్థాయిలో, సుమారు ఒక శాతం ఉంది. అంటే ఏ చుక్కా సంపూర్ణ రక్షణ ఇవ్వదు. చుక్క గడప దగ్గరి కావలివాడి లాంటిది. పుట్టేటప్పుడు కంటి ఉపరితలం మీద చేరిన క్రిమిని అక్కడికక్కడ ఆపగలదు, లోపలికి వెళ్లిపోయినదాన్ని పట్టుకోలేదు, తర్వాత చేతుల ద్వారా చేరేదాన్ని చూడలేదు. అందుకే పుట్టిన వెంటనే వేయాలి. మూడో రోజు చీము కనిపించాక వేస్తే దానికి చుక్కమందు అనే పేరే తప్ప ప్రయోజనం లేదు. ఇంకొంచెం వేస్తే ఇంకొంచెం మేలు అనుకోవడానికీ లేదు. రెండో రోజు మరో చుక్క వేసి చూసిన అధ్యయనం కూడా కెన్యాలోనే జరిగింది, అదనపు లాభం కనిపించలేదు.

థైరాయిడ్ విషయంలో మీ అత్తగారి మాటను తేలిగ్గా తీసేయకండి. ఆమె చెప్పిందానికి బలమైన ఆధారం ఉంది. ఒంట్లో అయోడిన్ ఒక్కసారిగా పెరిగితే థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారీని తాత్కాలికంగా ఆపేస్తుంది. పెద్దవాళ్లలో కొద్దిరోజులకే ఆ గ్రంథి తేరుకుంటుంది. పసిబిడ్డల్లో, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టినవారిలో, తేరుకునే శక్తి ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండదు. పలచని చర్మం నుంచి అయోడిన్ సులభంగా లోపలికి పోతుంది కూడా. బొడ్డుకూ ఒంటికీ పదేపదే అయోడిన్ పూసిన శిశువుల్లో థైరాయిడ్ హార్మోను తగ్గినట్లు వైద్యులు చాలాసార్లు చూశారు. తల్లి గాయాలకు అయోడిన్ ఎక్కువగా వాడితే పాల ద్వారా కూడా బిడ్డకు చేరుతుంది. ఇది కుట్లు శుభ్రం చేసుకునే బాలింతలకు పెద్దగా ఎవరూ చెప్పని సంగతి. తొలి నెలల్లో థైరాయిడ్ హార్మోను లోపిస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం పడుతుంది కాబట్టి దీన్ని తక్కువగా చూడకూడదు.

అయితే పుట్టిన వెంటనే ఒక్కో కంట్లో ఒక్క చుక్క, అదీ చర్మానికి పూసే దానిలో నాలుగో వంతు గాఢతతో, ఒకే ఒక్కసారి వేయడం వేరు. నెలలు నిండిన బిడ్డకు ఆ పరిమాణం గురించి భయపడాల్సిన పని లేదు. భయపడాల్సింది ఇంట్లో రోజూ చుక్కలు వేయడం, బొడ్డుకూ పొక్కులకూ అదే సీసాతో పూయడం గురించి. నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డ విషయంలో అయితే ఏ అయోడిన్ మందు వాడినా ముందు వైద్యుడిని అడగండి. మడమ నుంచి రక్తం తీసి చేసే థైరాయిడ్ పరీక్ష సమయంలో అయోడిన్ వాడిన సంగతి చెప్పండి. ఫలితాన్ని చదివేవారికి అది అవసరం.

ఇప్పుడు మీ బాబు సంగతి. రెండేళ్లుగా మీ మనసులో ఉన్న ప్రశ్న ఇదే అని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

పుట్టిన 28 రోజుల్లోపు వచ్చే కళ్లకలకకు కారణాలు చాలా ఉన్నాయి. ఎన్నో రోజున మొదలైందో చూస్తే వైద్యుడికి సగం దారి తెలుస్తుంది. మొదటి 24 గంటల్లో ఎరుపెక్కితే అది చాలావరకు చుక్కమందు మంటే. రెండు నుంచి అయిదో రోజులోపు దట్టమైన చీముతో, వాచిన రెప్పలతో వస్తే ముందుగా గనోరియాను అనుమానించాలి. అయిదో రోజు నుంచి రెండు వారాల లోపు మొదలైతే క్లమీడియా. రెండో వారం దగ్గర నీటి పొక్కులతో వస్తే హెర్పిస్ వైరస్. వీటితో పాటు చర్మం మీదా, ముక్కులోనూ ఉండే మామూలు బ్యాక్టీరియా కూడా ఏ రోజైనా రావచ్చు. ఈ హద్దులు ఒకదానిలో ఒకటి కలిసిపోతూ ఉంటాయి కాబట్టి చీము పరీక్ష చేయకుండా ఖాయంగా చెప్పకూడదు. మీ బాబుకు నాలుగో రోజు, రెండు కళ్లకూ, తుడిచిన వెంటనే నిండే చీము, ఆసుపత్రిలో ఇంజెక్షన్, మీ ఇద్దరికీ మందులు అంటే వైద్యులు గనోరియాను నిర్ధారించారు, లేదా గట్టిగా అనుమానించారు అనుకోవచ్చు. అప్పటి కాగితాలు ఉంటే వాటిలో ఉంటుంది.

వాళ్లు అంత హడావుడిగా ఎందుకు చేశారంటే, ఆ క్రిమి చెక్కుచెదరని కార్నియాను కూడా తొలుచుకుపోగలదు. సమయానికి చికిత్స అందకపోతే ఒక్క రోజులోనే కార్నియాకు పుండు పడి రంధ్రం పడే ప్రమాదం ఉంది. దానికి చుక్కమందులు చాలవు. బిడ్డ బరువును బట్టి సెఫ్ట్రియాక్సోన్ వంటి యాంటీబయాటిక్‌ను ఇంజెక్షన్‌గా ఇవ్వాలి. చీము పోయేలా సెలైన్‌తో కళ్లు పదేపదే కడగాలి. క్రిమి రక్తంలోకి, కీళ్లలోకి, మెదడు పొరల్లోకి వెళ్లిందేమో చూడాలి. క్లమీడియా అయితే నోటి ద్వారా యాంటీబయాటిక్ ఇస్తారు. ఎందుకంటే ఆ క్రిమి కంటితో ఆగదు. బిడ్డ గొంతులో, ముక్కు వెనక దాక్కుని, ఒకటి నుంచి మూడు నెలల మధ్య న్యుమోనియాగా బయటపడుతుంది. జ్వరం పెద్దగా లేకుండానే విడవకుండా దగ్గు వస్తుంది. పసిబిడ్డకు నోటి ఎరిత్రోమైసిన్ ఇస్తున్నప్పుడు పాలు ఎగజిమ్మినట్లు వాంతులైతే వెంటనే చెప్పాలి. ఆ వయసులో ఆ మందు వల్ల జీర్ణాశయం చివరి ద్వారం బిగుసుకుపోయే ముప్పు కొంత ఉంది.

మీ ఇద్దరికీ మందులు ఎందుకు ఇచ్చారంటే, కాన్పు సమయంలో తల్లి జననమార్గం నుంచే ఆ క్రిమి బిడ్డ కళ్లకు చేరుతుంది కాబట్టి. తల్లికి చికిత్స చేసి భర్తను వదిలేస్తే ఆమెకు మళ్లీ వస్తుంది. అంతే. దానిలో తీర్పు లేదు, నింద లేదు. స్త్రీలలో గనోరియాకు గానీ క్లమీడియాకు గానీ ఎక్కువ మందిలో ఏ లక్షణమూ ఉండదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, నెలల తరబడి తెలియకుండానే ఉండవచ్చు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో ఈ పరీక్ష చెప్పదు. మీకు అప్పుడు ఎవరూ కూర్చోబెట్టి ఇదంతా చెప్పకపోవడం నాకు బాధగా ఉంది. మందు ఇచ్చిన చేత్తోనే నాలుగు మాటలు చెప్పి ఉంటే, రెండేళ్ల పాటు మీరు ఈ బరువు మోయవలసిన అవసరం ఉండేది కాదు. మీరు తల్లిగా చేయవలసింది చేశారు. చీము చూసిన రోజునే బిడ్డను తీసుకెళ్లారు. వాడి చూపు దక్కింది అందుకే.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, మీ చెల్లెలి బిడ్డను కాపాడేది ఈ సమాచారమే. సీసాలోని చుక్క గురించి తర్వాత ఆలోచించవచ్చు. ఆమెకు ఇంకా నెల పైనే సమయం ఉంది. చికిత్స లేని గనోరియా ఉన్న తల్లికి చుక్కమందు లేకుండా కాన్పు జరిగితే, వంద మంది బిడ్డల్లో 30 నుంచి 50 మందికి కళ్లకు సోకుతుంది. అదే తల్లికి కాన్పుకు ముందే పరీక్ష చేసి చికిత్స ఇస్తే బిడ్డ దాకా చేరదు. మూత్రం నమూనాతో గానీ, లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాతో గానీ గనోరియా, క్లమీడియా రెండూ ఒకేసారి తెలిసిపోతాయి. రెండింటికీ గర్భిణులు వాడగల మందులున్నాయి. ఆపరేషన్ ద్వారా కాన్పు అయితే ప్రమాదం తగ్గుతుంది గానీ, ఉమ్మనీటి సంచి ముందే పగిలి ఉంటే పూర్తిగా పోదు. కాబట్టి ఆపరేషన్ అని నిర్ణయించి ఉన్నా పరీక్ష మానకూడదు.

దేశదేశానికీ పద్ధతి వేరుగా ఉండడానికి కారణం కూడా ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పుట్టిన ప్రతి బిడ్డకూ కళ్లలో నివారణ మందు వేయాలని చెప్పింది. అందులో 1 శాతం టెట్రాసైక్లిన్ లేపనం, 0.5 శాతం ఎరిత్రోమైసిన్ లేపనం, 2.5 శాతం పొవిడోన్ అయోడిన్, 1 శాతం సిల్వర్ నైట్రేట్, 1 శాతం క్లోరాంఫెనికాల్ ఉన్నాయి. అమెరికాలో ఎరిత్రోమైసిన్ వాడతారు. కెనడా శిశువైద్యుల సంఘం 2015లో అందరికీ చుక్క వేయడం కన్నా గర్భిణులందరికీ పరీక్ష చేయడం మేలని తేల్చింది. బ్రిటన్‌లో అందరికీ వేసే పద్ధతి లేదు. వీటిలో ఏది సరైనదని నన్ను అడిగితే, పరీక్ష నమ్మకంగా జరిగే చోట పరీక్ష, జరగని చోట చుక్క, అనుమానం ఉన్న చోట రెండూ అంటాను. తల్లికి పరీక్షే జరగనప్పుడు చుక్క కూడా వద్దనడం పిల్లల కళ్లతో పందెం కాయడమే.

మీ చెల్లెలు వచ్చేసారి పరీక్షకు వెళ్లినప్పుడు రెండు విషయాలు అడగమనండి. గనోరియా, క్లమీడియా పరీక్షలు చేశారా, చేయకపోతే ఇప్పుడు చేస్తారా అని. బిడ్డ పుట్టగానే కళ్లలో ఏ మందు వేస్తారు, ఎప్పుడు వేస్తారు అని. అయోడిన్ అయితే అది కంటి కోసం తయారైన 2.5 శాతం నీటి ద్రావణమేనా అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. వేరే లేపనం వాడితే అయోడిన్ కావాలని పట్టుబట్టాల్సిన పని లేదు. అయోడిన్ వర్గానికీ, ఎరిత్రోమైసిన్ వర్గానికీ మధ్య తేడా ఎంతో పై అంకెల్లో చూశారు కదా. ఏదో ఒకటి సమయానికి, సరిగ్గా, రెండు కళ్లలోనూ పడడమే ముఖ్యం.

ఇంటికి వచ్చాక చూసుకోవలసినవి చెబుతాను. పుట్టిన బిడ్డ రెప్పలు ఒకటి రెండు రోజులు కాస్త ఉబ్బి ఉండడం కాన్పు ఒత్తిడి వల్ల. తెల్లగుడ్డులో ఎర్రటి మచ్చ కనిపిస్తే అది కూడా అంతే, రెండు వారాల్లో కరిగిపోతుంది. కన్నీటి నాళం ముక్కులోకి పూర్తిగా తెరుచుకోని పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్ల కన్ను ఎప్పుడూ తడిగా ఉంటుంది, నిద్ర లేచేసరికి పుసి కట్టి రెప్పలు అంటుకుంటాయి, కానీ తెల్లగుడ్డు తెల్లగానే ఉంటుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే చాలా కంగారు తప్పుతుంది. దానికి గోరు తీసిన వేలితో కంటి లోపలి మూల దగ్గర మెల్లగా నొక్కి, ముక్కు పక్కగా కిందికి జార్చుతూ రోజుకు కొన్నిసార్లు మర్దన చేయాలి. ఎలా చేయాలో ఒకసారి వైద్యుడి దగ్గర చూసి నేర్చుకోండి. పదిమందిలో తొమ్మిది మందికి ఏడాది లోపు నాళం తెరుచుకుంటుంది. పుసి తుడవడానికి కాచి చల్లార్చిన నీటిలో తడిపిన శుభ్రమైన దూది చాలు. ముక్కు వైపు నుంచి బయటి మూలకు ఒకే ఒక్కసారి తుడిచి ఆ దూది పారేయాలి. రెండో కంటికి కొత్తది తీసుకోవాలి. ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

తొలి నెలలో కన్ను ఎర్రబడి చీము కూడా ఉంటే మాత్రం రేపటి దాకా ఆగకూడదు. తుడవగానే చీము మళ్లీ నిండినా, రెప్పలు తెరవలేనంతగా వాచినా, నల్లగుడ్డు మసకబారినా, కంటి చుట్టూ నీటి పొక్కులు కనిపించినా, ముక్కుకూ కంటికీ మధ్య నీలంగా గడ్డలా ఉబ్బినా, బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు వేడెక్కినా అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వెళ్లే ముందు ఇంట్లో మిగిలిన చుక్కమందులేవీ వేయకండి. పెద్దవాళ్లకు ఇచ్చిన కొన్ని చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. హెర్పిస్ ఉన్న కంటికి అది తగిలితే పుండు లోతుకు వెళుతుంది. కంటికి కట్టు కట్టకండి, చీము లోపలే నిలిచిపోతుంది. తల్లిపాలు కంట్లో పిండమని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు. పాలు బిడ్డ కడుపుకే. గనోరియాను, క్లమీడియాను అవి ఆపలేవు, వాటిని నమ్ముకుని ఒక రోజు పోగొట్టుకుంటే ఆ రోజు వెనక్కి రాదు.

ఇక చివరి ప్రశ్న, చెల్లెలికి చెప్పాలా అని. ఈ పరీక్షలు మీ కథ విన్నాక చేయించుకోవలసినవి కావు, ఏ గర్భిణి అయినా అడగవచ్చు. కాబట్టి మీకు ఇష్టం లేకపోతే చెప్పకుండానే ఆమెను పరీక్షకు పంపవచ్చు. గోప్యత మీ హక్కు, మీ భర్తది కూడా. కానీ ఆమె పరీక్ష మాట వినగానే 'నాకెందుకు ఇలాంటివి' అని వెనకాడితే, అప్పుడు మీరు చెప్పే మాట ఏ వైద్యుడి మాట కన్నా బలంగా పనిచేస్తుంది. బాబుకు పుట్టిన నాలుగో రోజు కళ్లకు చీము వచ్చిందని, సమయానికి చికిత్స అందిందని, ముందే పరీక్ష చేసి ఉంటే అసలు రాకపోయేదని చెప్పండి. అంతకు మించి చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం. ఆమె భర్తను కూడా అవసరమైతే చికిత్సకు సిద్ధంగా ఉండమని ఆ పరీక్ష చేసే వైద్యుడే చెబుతారు, ఆ మాట మీరు మోయనక్కరలేదు.